సిమెంటు ఎండితే గట్టిపడదు, గ్యాస్‌కు వాసనుండదు!

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కనిపెట్టుకుని ఉండటం ఎంత పనో మాత్రం ఎవరికి వారు తెలుసుకోవాల్సిందే. మేస్త్రి ఒకటి చెబుతాడు, ఎలక్ట్రీషియన్ ఇంకోటి, పక్కింటి పిన్నిగారు మూడోది. వినీ వినీ నిజమనుకునే కొన్ని మాటల వెనక అసలు సంగతులివి.

సిమెంటుకు కావాల్సింది ఎండ కాదు

‘ఎండ బాగా కాస్తోంది, స్లాబు త్వరగా గట్టిపడుతుంది’ అనుకుంటాం. దండెం మీద బట్టలు ఆరినట్టు సిమెంటు ఆరదు. సిమెంటుకూ నీటికీ మధ్య జరిగే రసాయన చర్య వల్లే కాంక్రీటుకు బలం వస్తుంది. అందుకే అది నీళ్లలో మునిగి ఉన్నా గట్టిపడుతుంది. తొలి రోజుల్లోనే తేమ ఆవిరైపోతే ఆ చర్య సగంలో ఆగుతుంది, పైన నెర్రెలు వస్తాయి. మన దేశంలో కాంక్రీటు పనులకు ప్రామాణికమైన ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటైతే కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిసిన సిమెంటైతే కనీసం 10 రోజులు తడుపుతూనే ఉండాలి. పొడి ఎండల్లో ఏ సిమెంటైనా 10 రోజులకు తగ్గకూడదు. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ బస్తా వాడితే 14 రోజులు తడపడం మేలు.

పొంగేది మురికి కాదు, రాయి

తాండూరు బండలు, కడప బండలు, బేతంచర్ల బండలు... ఊళ్లు వేరైనా రాయి జాతి ఒకటే. మనం నాపరాయి అనేది నిజానికి సున్నపురాయి. దాని మీద బాత్రూం యాసిడ్ పోయగానే బుసబుసా నురగ లేస్తుంది. ‘మురికి ఎలా వదులుతోందో చూడు’ అని సంబరపడతాం. వదులుతున్నది రాయే! దానిలోని కాల్షియం కార్బొనేట్‌ను యాసిడ్ తినేస్తుంటే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా బయటికొస్తుంది. నాలుగుసార్లు అలా కడిగితే నునుపు పోయి, గరుకుదేరి, మురికి మరింత పట్టేస్తుంది. పాలరాయీ ఇంతే. వంటగట్టు మీద నిమ్మరసం చుక్క కాసేపు నిలిచినా మెరుపు పోయి మచ్చ పడుతుంది. గ్రానైట్ అంత తేలిగ్గా లొంగదు. నాపబండకు మామూలు సబ్బునీళ్లే మంచివి.

రెండు క్లీనర్లు కలిపితే రెట్టింపు శుభ్రమా?

వెనిగర్, వంటసోడా కలిపితే పొంగు చూడముచ్చటగా ఉంటుంది గానీ, ఒకదాని గుణాన్ని మరొకటి విరిచేస్తుంది. చివరికి మిగిలేది సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు. దీంతో నష్టమేమీ లేదు. టాయిలెట్ యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలపడం మాత్రం ప్రాణాల మీదకు తెస్తుంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఈ వాయువునే. తలుపు వేసిన చిన్న బాత్రూంలో ఇది ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది.

గ్యాస్ వాసన గ్యాస్‌ది కాదు

వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్‌కు, బ్యూటేన్‌కు వాసనే లేదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే ఘాటు రసాయనాన్ని కలుపుతారు. ఇంకో సంగతి, ఈ గ్యాస్ గాలికన్నా బరువు. పైకి పోదు, నేల మీదే పాకుతుంది. కాబట్టి పైనున్న వెంటిలేటర్ ఒక్కటీ చాలదు, తలుపులు బార్లా తీయాలి. రెగ్యులేటర్ కట్టేయాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడమే కాదు, వెలుగుతున్న లైటును ఆర్పడం కూడా ప్రమాదమే. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. అది గ్యాస్ లీకుల కోసమే ఉన్న అత్యవసర నంబరు.

సిలిండర్‌కు ‘ఎక్స్‌పైరీ’ ఉందా?

సిలిండర్ మెడ దగ్గరి పట్టీల మీద లోపలివైపు ‘బి-27’ లాంటి గుర్తు ఉంటుంది. గ్యాస్ పాడయ్యే తేదీ అనుకుంటారు చాలామంది. గ్యాస్ పాడవదు. ఆ ఉక్కు సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాల్సిన గడువది. ఎ అంటే జనవరి–మార్చి, బి ఏప్రిల్–జూన్, సి జులై–సెప్టెంబర్, డి అక్టోబర్–డిసెంబర్. పక్కనున్న అంకె సంవత్సరం. గడువు దాటిన సిలిండర్ వస్తే తీసుకోకండి, మార్చి ఇవ్వమని అడగండి.

ఏసీ 18లో పెడితే గది త్వరగా చల్లబడదు

రిమోట్‌లోని అంకె ఏసీ వేగాన్ని పెంచదు, ఎక్కడ ఆగాలో చెబుతుంది. వేడెక్కిన గదిలో ఏసీ వేయగానే 18లో పెట్టినా 24లో పెట్టినా అది మొదట్లో దాదాపు ఒకేలా శ్రమిస్తుంది. 18లో పెడితే ఆ శ్రమ ఆగదంతే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ లెక్క. స్టార్ రేటింగ్ ఉన్న ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీలు చూపించేలా తయారవ్వాలన్న నిబంధన 2020 జనవరి 1 నుంచి ఉంది. ఫ్యానైతే గదిని అసలు చల్లబరచదు, మన ఒంటి చెమటను ఆరబెడుతుంది. మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాను వల్ల కరెంటు దండగ.

ఎంసీబీ కాపాడేది వైరును

కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు ఎంసీబీ. అది మాటిమాటికీ పడిపోతోందని పెద్దది బిగించేస్తుంటారు. 16 ఆంపియర్ల చోట 32 ఆంపియర్లది పెడితే అది పడదు నిజమే, కానీ గోడలోని వైరు వేడెక్కి కాలుతుంది. ఇంకో భ్రమ, ఎంసీబీ ఉంటే షాక్ కొట్టదని. మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటును అది పసిగట్టలేదు. ఆ పని 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ అనే మరో స్విచ్చుది.

త్రీపిన్ ప్లగ్గును చేతిలోకి తీసుకుని చూడండి. పైనున్న ఎర్త్ పిన్ను మిగతా రెండిటికన్నా పొడుగ్గా, లావుగా ఉంటుంది. పెట్టేటప్పుడు ముందు తగిలేదీ, తీసేటప్పుడు చివర వదిలేదీ అదే కావాలని ఆ కొలత. చాలా సాకెట్లలో కింది రంధ్రాల మూతల్ని తెరిచేదీ అదే. పెన్ను రీఫిల్‌తో పైరంధ్రాన్ని పొడిచి టూపిన్ దూర్చడమంటే ఆ ఏర్పాటునంతా చేతులారా చెడగొట్టుకోవడమే.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు

నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి. కరిగిన ఫ్లోరైడ్, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోవు. నీరు ఆవిరైన కొద్దీ వాటి గాఢత పెరుగుతుంది. ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే ‘నల్గొండ టెక్నిక్’ను నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు మీద అంకె తక్కువుంటే నీరు స్వచ్ఛమనుకోవడమూ పొరపాటే. ఆ మీటరుకు క్రిములు కనబడవు.

బల్లికి నెమలి ఈక

గోడకు నెమలి ఈక పెడితే బల్లులు పారిపోతాయంటారు. అది ఏ పక్షి ఈకో పోల్చుకునే తీరిక బల్లికి లేదు, దాని చూపంతా పురుగుల మీదే. ఇంటి బల్లికి విషం లేదు. దాని రెట్టలో సాల్మొనెల్లా క్రిములుండొచ్చు కాబట్టి వంటల మీద మూతలు ఉండాల్సిందే. చెదల మీదా ఇలాంటి భ్రమలున్నాయి. వాటికి చుట్టం చీమ కాదు, బొద్దింక. గుమ్మానికి కిరోసిన్ పూస్తే పైకి కనబడినవే చస్తాయి, పుట్ట నేలలో క్షేమంగా ఉంటుంది.

సెప్టిక్ ట్యాంకు పొంగేదాకా ఆగొద్దు

సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నీటితో నిండే ఉంటుంది. చూడాల్సింది అడుగున పేరుకునే మడ్డిని. రెండు మూడేళ్లకోసారి తీయించాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని లోపలికి దించడం మాత్రం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. యంత్రంతోనే తీయించాలి.

ఈ ఆదివారం ఓ పావుగంట కేటాయించండి. సిలిండర్ మీది అక్షరం చూడండి, గ్యాస్ ట్యూబుకు ఐదేళ్లు దాటితే మార్పించండి, ఆర్సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ ఒకసారి నొక్కండి. నొక్కినా అది పడకపోతే వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.