జాడీకి వాసెన, కీలుకు బూటు

వేసవి సెలవులకు వచ్చిన మా మనవరాలు కారు పక్కన గొంతుక్కూర్చుని, "తాతయ్యా, ఈ చక్రం లోపలివైపు ఎవరో కాటుక పూశారు" అంది. వంగి చూశాను. కుడివైపు ముందు చక్రం రిమ్ము లోపల చుట్టూ నల్లటి జిడ్డు చార. కాస్త వేలితో తీసి బొటనవేలితో రాస్తే మెత్తగా జారుతూనే, అడుగున ఇసుక కరకరలాడింది. ఆ కరకర చాలు, సంగతి తెలిసిపోయింది. యాక్సిల్ బూటు చిరిగింది.

మాది 1999 నాటి మారుతి 800. 1983 డిసెంబరులో ఈ మోడలు మొదటి బండి తాళాలు చేతికిచ్చారు, 2014 జనవరిలో తయారీ ఆపేశారు. అయినా మన ఊళ్ళలో ఈ బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళు దీన్ని చూసుకున్నాక నాకు గట్టిగా తెలిసిన విషయం ఒకటుంది. పాత కారులో ముందు వయసు మీద పడేది ఇనుముకి కాదు, ఆ ఇనుముని కాచుకుని ఉండే రబ్బరుకి. మనం ఇంజన్ ఆయిలు గురించి అడుగుతాం, బ్యాటరీ గురించి అడుగుతాం. కింద ఉండే రబ్బరు తొడుగుల్ని అడిగేవాళ్ళు లేరు.

"అమ్మమ్మ ఆవకాయ కలిపాక జాడీకి ఏం చేసింది?" అని అడిగాను.

"మూతపెట్టి గుడ్డ కట్టింది."

"దాన్నే వాసెన కట్టడం అంటారమ్మా. ఎందుకు కట్టింది?"

"తడి తగలకుండా, దుమ్ము పడకుండా."

సరిగ్గా ఆ పనే చేస్తుంది బూటు. మారుతిలో ముందు చక్రాలకి రెండు పనులు. బండిని లాగాలి, స్టీరింగు తిప్పినప్పుడు పక్కకి తిరగాలి. అందుకని తిరుగుతూనే వంగగలిగే కీలు ఒకటి కావాలి. మామూలు క్రాస్ కీలు వంగినప్పుడు, ఇటువైపు కడ్డీ ఒకే వేగంతో తిరుగుతున్నా అటువైపు కడ్డీ ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. చక్రానికి అది పనికిరాదు, స్టీరింగు అదిరిపోతుంది. 1920ల చివర్లో ఫోర్డు కంపెనీ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా దీనికి చక్కని ఉపాయం కనిపెట్టాడు. ఒక గిన్నె, దానిలో ఒక గుండు, రెంటికీ గాడులు, ఆ గాడుల్లో ఆరు ఉక్కు గోళీలు. కీలు ఎంత వంగినా ఆ గోళీలన్నీ ఆ వంపుకి సరిగ్గా మధ్య తలంలోనే నిలబడతాయి. అందుకే రెండువైపులా వేగం సమానం. దీన్ని తలచుకున్నప్పుడల్లా ఆయనకి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ ఆరు గోళీలూ నల్లటి గ్రీజులో మునిగి ఉంటాయి. ఆ నలుపు మాలిబ్డినం డైసల్ఫైడుది. దాని అణువులు పేకముక్కల్లా పొరలు పొరలుగా ఉంటాయి. ఎంత నొక్కినా పొర మీద పొర జారుతుంది, ఉక్కుకి ఉక్కు తగలనివ్వదు. ఈ గ్రీజుని లోపల పట్టి ఉంచేదే ముడతల ముడతల రబ్బరు బూటు.

అది చిరిగితే ఏమవుతుందో మనవరాలి చేత లెక్క వేయించాను. మా బండి టైరు ఒక్క చుట్టు తిరిగితే దాదాపు 1.6 మీటర్లు నడుస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి పది చుట్లకు పైగా తిరుగుతుంది. నాలుగు సెంటీమీటర్ల వ్యాసార్ధంలో ఉన్న గ్రీజుని బయటికి విసిరే బలం దాని బరువుకి 17 రెట్లు. అంత బలానికి గోరంత చీలిక చాలు. గ్రీజంతా చిమ్మి రిమ్ముకి కొట్టుకుంటుంది. పిల్ల చూసిన కాటుక అదే.

బయటికి పోయినదాని కంటే లోపలికి వచ్చేది ఇంకా చెడ్డది. మన రోడ్ల ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. కాఠిన్యం కొలిచే మోస్ కొలతలో వజ్రం 10, క్వార్ట్జ్ 7, వంటింటి చాకు ఐదున్నర దగ్గర. ఆ ఇసుక మిగిలిన గ్రీజులో కలిస్తే అచ్చం సానపట్టే ముద్దే. వానాకాలం నీళ్ళు కూడా చేరితే తుప్పు. అప్పుడు స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా మలుపు తీసుకుంటే చక్రం దగ్గర టకటకమంటుంది. ఆ శబ్దం మొదలయ్యాక బూటు మార్చి లాభం లేదు, గాడులు అరిగిపోయినట్టే. ఇక ఆ కీలు, అంటే జాయింటే మార్చుకోవాలి.

ఇంతకీ రబ్బరు ఎందుకు చిరుగుతుంది? దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఒక రబ్బరు బ్యాండుని సాగదీసి చిన్న చెక్కకి తొడిగి కిటికీ బయట పెట్టండి. ఇంకోదాన్ని సాగదీయకుండా పక్కన పెట్టండి. కొన్ని వారాలకి సాగినదాని మీద అడ్డంగా సన్నటి పగుళ్ళు వస్తాయి, రెండోది చాలావరకు బాగానే ఉంటుంది. గాలిలోని ఓజోను రబ్బరు గొలుసుల్లో ఉండే జంట బంధాల్ని తెంపుతుంది. సాగి ఉన్నచోట ఆ తెగిన సందు తెరుచుకుని, లోపలి కొత్త రబ్బరు మళ్ళీ ఓజోనుకి దొరుకుతుంది. అందుకే పగులు ఎప్పుడూ లాగుడుకి అడ్డంగా నడుస్తుంది. బూటు ముడతలు మలుపు మలుపుకీ సాగుతూ ముడుచుకుంటూ ఉంటాయి, పైగా ఇంజన్ వేడి. నియోప్రీన్ లాంటి కృత్రిమ రబ్బర్లు ఓజోనుకి బాగా తట్టుకుంటాయి కానీ వాటికీ ముసలితనం ఉంది.

ఇంకో శత్రువుని మనమే డబ్బిచ్చి పిలుస్తున్నాం. ఒకప్పుడు నేను బండి కడిగించిన చోట, తుప్పు పట్టకుండా అని కిందంతా డీజిలు కొట్టారు. నేనూ మంచిదే అనుకున్నాను. ఏడాది తిరక్కుండా కిందున్న రబ్బరు బుష్షులు ఉబ్బి మెత్తబడ్డాయి. రబ్బరు బ్యాండుని ఒక రాత్రి కిరసనాయిల్లో వేసి పొద్దున్నే తీసి చూడండి, లావెక్కి పట్టుకుంటే తెగిపోతుంది. సహజ రబ్బరుకి డీజిలైనా అంతే. కింద డీజిలు కొట్టించకండి, ఒట్టి నీళ్ళతో కడిగితే చాలు.

చక్రం దగ్గర తొడుగులు ఇంకా ఉన్నాయి. లోయర్ ఆర్మ్ చివర ఉండేది బడి పుస్తకంలో చదువుకున్న బంతి గిన్నె కీలే, మన భుజంలో ఉన్నటువంటిది. దాని రబ్బరు టోపీ చిరిగితే బంతి అరిగి, అశ్రద్ధ చేస్తే గిన్నెలోంచి ఊడిపోతుంది. నడుస్తున్న బండికి చక్రం పక్కకి ఒరిగిపోతుంది. ఇది ఖర్చు సంగతి కాదు, ప్రాణం సంగతి. చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆ కీలు వదులైందో లేదో తెలుస్తుంది. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే, స్టీరింగుని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ వదులు తెలుస్తుంది.

షాక్ అబ్జార్బర్ కడ్డీ అద్దంలా మెరుస్తుంది. దాని మీద ఒక్క గీత పడితే, కడ్డీ ఎక్కిదిగినప్పుడల్లా ఆ గీత ఆయిల్ సీలుని కోస్తుంది. గీత పడకుండా కాచేది డస్ట్ కవరు. దాని లోపల ఉండే బంప్ స్టాపరు స్పీడు బ్రేకరు మీద చివరి దెబ్బ కాచుకుంటుంది. మొదట మెత్తగా లొంగి, నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. మా బండిది వేలితో నొక్కితే పాత స్పాంజిలా పొడిపొడిగా రాలింది. షాకులు కొత్తవి వేసి ఈ రెండూ పాతవే తగిలించే షెడ్లు ఉన్నాయి, దగ్గరుండి అడగండి. ఈ పని మాత్రం ఇంట్లో వద్దు. బిగదీసిన స్ప్రింగు జారితే మనిషి మిగలడు.

మా మెకానిక్ బూటు మారుస్తుంటే పిల్లని పక్కన కూర్చోబెట్టాను. జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా స్టాండు పెట్టాడు. జాయింటు ఊడదీసి కిరసనాయిల్లో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గోళీ గోళీనీ వెలుతురులో తిప్పి చూపించాడు. గాడులు నున్నగానే ఉన్నాయి. కొత్త బూటు కిట్టుతో వచ్చిన గ్రీజు పొట్లం మొత్తం కూరాడు. బూటు చిన్న మూతి దగ్గర లోపలి గాలి వదిలేసి, అప్పుడు క్లిప్పు బిగించాడు. కోసి అతికించే బూట్లు కూడా అమ్ముతారు గానీ నాకు వాటి మీద నమ్మకం లేదు, ఆ అతుకే మళ్ళీ మొదట విడుతుంది.

పిల్ల చూసింది కాబట్టి జాయింటు దక్కింది. ఈ వానలు మొదలయ్యేలోపు మీ బండి స్టీరింగుని ఒక పక్కకి పూర్తిగా తిప్పి ఆపండి. టార్చి తీసుకుని చక్రం వెనక ముడతల మధ్య చూడండి. తర్వాత రెండోవైపు కూడా.