మందు లేని సూది

1853లో ఎడిన్‌బరో వైద్యుడు అలెగ్జాండర్ వుడ్ నరాల నొప్పితో బాధపడుతున్న రోగికి చర్మం కింద సూది దించి మార్ఫిన్ ఎక్కించాడు. నొప్పి ఉన్నచోటే మందు దిగాలి, అక్కడే అది పని చేస్తుందని ఆయన నమ్మకం. కొన్నేళ్లకే లండన్‌లో చార్లెస్ హంటర్ ఆ నమ్మకాన్ని కాదన్నాడు. ఎక్కడ గుచ్చినా మార్ఫిన్ ఒళ్లంతా పాకుతుందని చూపించాడు. మార్ఫిన్ సంగతిలో హంటరే నిజం. అయినా నొప్పి ఉన్నచోట పొడిచే అలవాటు వైద్యుల చేతిని వదల్లేదు. 1892లో విలియం ఆస్లర్ తన వైద్యగ్రంథంలో, నడుము పట్టేసినవాళ్లకు ఆడవాళ్ల టోపీలకు గుచ్చే మూడు నాలుగు అంగుళాల సూదుల్ని శుభ్రం చేసి, నొప్పి ఉన్న కండలోకి దించి కొన్ని నిమిషాలు ఉంచమన్నాడు. అందులో మందు ఊసే లేదు.

1938లో లండన్‌లో జాన్ కెల్‌గ్రెన్ ఆరోగ్యవంతుల కండరాల్లోకి ఉప్పునీరు ఎక్కించి, నొప్పి ఎటు పోతుందో బొమ్మలు గీశాడు. సూది ఒకచోట, నొప్పి మరోచోట! మెడ కింద కండ పట్టేస్తే తల పోటెత్తడం ఎందుకో అర్థం చేసుకోవడానికి అక్కడ దారి దొరికింది. అమెరికాలో జానెట్ ట్రావెల్ ఆ దారినే నడిచింది. తర్వాత కెన్నడీకి వైట్‌హౌస్ వైద్యురాలైన ఆమె, బిగిసిన కండలో వేలికి తగిలే ముడుల్ని వెతికి అక్కడ ప్రొకెయిన్ ఎక్కించేది. డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో ఆమె అచ్చు వేయించిన ట్రిగ్గర్ పాయింట్ల (అంటే ఆ ముడుల) పుస్తకం ఈనాటికీ ఈ వైద్యానికి పటం.

అసలు మలుపు 1979లో. ఇన్ని రకాల మందులు ఎక్కించినా గుణం ఒకలాగే ఉందంటే, వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది సూది పోటే కదా అని చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ ఆలోచించాడు. 241 మంది రోగుల్లో 312 నొప్పి చోట్ల ఉత్త సూదే గుచ్చాడు. సరిగ్గా నొప్పి అన్నిటికన్నా ఎక్కువున్న చోటికి సూది తగిలినప్పుడు 86.8 శాతం సందర్భాల్లో నొప్పి అప్పటికప్పుడే తగ్గింది. ఆ తర్వాత గమనిస్తూ వచ్చిన 288 చోట్లలో 92 చోట్ల శాశ్వతంగా పోయింది. నన్ను ఆకట్టుకునేది ఈ రెండో లెక్క. వెంటనే తగ్గడం వేరు, తగ్గి నిలవడం వేరు. లెవిట్ రెండూ దాచకుండా రాశాడు. అయితే పోల్చి చూడటానికి సూది పడని రోగుల గుంపు ఆ పరిశీలనలో లేదు.

సూది ముడిని తాకగానే తరచూ కండ ఒక్కసారి తుళ్లిపడుతుంది. పట్టు వదిలే లక్షణం అదేనని చాలామంది చికిత్సకుల నమ్మకం. అమెరికాలో జే షా బృందం సన్నటి గొట్టపు సూదితో ఆ ముడుల చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి చూస్తే, నొప్పిని రేపే రసాయనాలు అక్కడ ఎక్కువగా కనిపించాయి. ఇంత తెలిసినా ట్రిగ్గర్ పాయింటు సిద్ధాంతమే నిలవదని వాదించే నిపుణులూ ఉన్నారు. సూది పని చేసిందా, సూది మీది నమ్మకం పని చేసిందా అని తేల్చడం మరీ కష్టం. 1998లో జర్మనీలో స్ట్రైట్‌బెర్గర్ మొన మొద్దుగా ఉండి, పిడిలోకి జారిపోయే ఉత్తుత్తి సూదిని తయారుచేశాడు. రోగికి గుచ్చినట్టే అనిపిస్తుంది, చర్మం మాత్రం చీలదు. ఇలాంటి పోలికలు పెట్టి చూసినప్పుడు సూది గొప్పతనం కొంత తగ్గుతుంది. కొద్దికాలపు ఉపశమనానికి ఆధారాలున్నాయి, దీర్ఘకాలానికి బలహీనం. అందుకే సూదితో పాటు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు మాట నాకు నమ్మదగినదిగా తోస్తుంది.

ఇప్పుడు వాడేది సన్నటి, రంధ్రం లేని స్టీలు సూది. గుచ్చాక ఒకటి రెండు రోజులు సలపడం మామూలే. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి. మెడ, భుజం, ఛాతీ దగ్గర లోతు తప్పితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. అది అరుదు. కానీ సూది వేయించుకున్న తర్వాత ఛాతీలో పోటు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, ఆ రోజా మర్నాడా అని చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.