ఎసరు లెక్క

ఇంటిలో నలుగురికి చక్కగా అన్నము వండగలవారు విందులో నాలుగువందల మందికి వండబూనినప్పుడు, అడుగు మాడి పైభాగము పలుకుగా మిగులుటయో, అంతయు ముద్దగుటయో కలదు. చేయి తిరిగినవారికిని ఈ పొరపాటు ఎందుకు కలుగును? వంటను తరగతిలో నేర్పదగిన విద్యగా ఎంచుటకు కారణము ఈ ప్రశ్నలోనే ఉన్నది.

దీనిని పరిశీలించుటకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతము అనువైనది. నాగార్జునసాగర్ ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ పరిసరములలో వరి విస్తారముగా పండును. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. సూర్యాపేట, కోదాడ పట్టణములు హైదరాబాదు-విజయవాడ రహదారిపై నున్నవి. బాటసారులకు భోజనము పెట్టు హోటళ్ళు ఆ దారిలో పెక్కు కలవు. వడ్లు బియ్యమై, బియ్యము అన్నమై విస్తరిలో పడువరకు జరుగు పనియంతయు ఇచ్చట చూడవచ్చును.

బియ్యపు గింజలో అధికభాగము పిండిపదార్థము. అది సూక్ష్మమైన రేణువులుగా ఉండును. వరి రకమునుబట్టి సుమారు 55 నుండి 79 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య వేడి తగిలినప్పుడు ఆ రేణువుల కట్టు సడలి, అవి నీటిని పీల్చి, ఉబ్బి, మెత్తబడును. అన్నము ఉడుకుట యనగా ఇదియే.

అయితే బియ్యమంతయు ఒకే తీరున ఉడకదు. పాత బియ్యము క్రొత్త బియ్యముకంటె ఎక్కువ నీరు పీల్చి విడివిడిగా ఉడుకును. మిల్లులో వడ్లను నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టి ఆడించినది ఉప్పుడు బియ్యము. దీనిలోని పిండిపదార్థము పొట్టులో ఉండగానే ఒకసారి ఉడికి గట్టిపడును గనుక, వండుటకు పచ్చి బియ్యముకంటె ఎక్కువసేపు పట్టును. పై పొరలలోని థయామిన్ అను విటమిన్ కొంత గింజలోనికి చేరుటచే, తవుడు పోయినను పోషకబలము కొంత నిలుచును. గంజి వార్చి పారబోసినచో ఏ బియ్యమునుండియైనను ఈ విటమిన్ కొంత నష్టమగును.

ఇక ఎసరు లెక్క. అత్తెసరున వండునప్పుడు పోసిన నీరు రెండు దారుల పోవును: కొంత గింజ పీల్చును, కొంత ఆవిరియగును. ఒక గ్లాసు బియ్యము ఒక గ్లాసు నీరు పీల్చుననియు, ఆ గిన్నెనుండి ఉడుకునంతసేపటిలో మరియొక గ్లాసు ఆవిరియగుననియు అనుకొన్నచో, రెండు గ్లాసుల ఎసరు కావలెను. అదే గిన్నెలో నాలుగు గ్లాసుల బియ్యము వండినచో గింజ పీల్చు నీరు నాలుగింతలగును; కాని ఆవిరి మూతి వైశాల్యమును, మంటను, ఉడుకు కాలమును బట్టి పోవును గాని బియ్యపు కొలతనుబట్టి కాదు. కావున ఎనిమిది గ్లాసులు కాక, సుమారు ఐదు గ్లాసులు చాలును. ఇంటి లెక్కను గుండిగకు హెచ్చవేసిన అన్నము ముద్దయగుటకు కారణమిదే.

పెద్ద గుండిగలో మరియొక ప్రమాదము కలదు. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు ఉడికించినను చావవు. అన్నము గంటల తరబడి గోరువెచ్చగా నిలిచినచో అవి మొలకెత్తి వృద్ధిచెంది విషమును పుట్టించును. ఆ విషములలో ఒకటి మరల వేడిచేసినను నశించదు. పెద్ద రాశి మధ్యభాగము నెమ్మదిగా చల్లారును గనుక, అన్నమును 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచవలెను. లేదా పలుచగా పరచి త్వరగా చల్లార్చి శీతలములో ఉంచవలెను. బడిపిల్లలకు మధ్యాహ్నభోజనము వండువారికి ఇది తప్పక తెలియవలసిన సంగతి.

హోటల్ నిర్వహణ సంస్థలలో ఇట్టి విషయములను పాఠముగా చెప్పి, వెంటనే శిక్షణ వంటశాలలో చేయింతురు. పిమ్మట కొన్ని నెలలు హోటళ్ళలో పనికి పంపుదురు. దేశములోని ఈ విద్యకు 1982లో ఒక జాతీయ మండలి ఏర్పడినది. ఇంటర్మీడియట్ తరువాత ప్రవేశపరీక్ష ద్వారా మూడేండ్ల పట్టా తరగతిలో చేరవచ్చును. పారిశ్రామిక శిక్షణ సంస్థల పథకములో పదవతరగతి ముగించినవారికి ఆహారోత్పత్తి వృత్తి ఒక సంవత్సరపు శిక్షణగా కలదు. అన్నము వాసనబట్టి, మెతుకు నొక్కి ఉడుకు కనిపెట్టు నేర్పు చేతిపనివలననే వచ్చును. బియ్యము మారినను, పాత్ర మారినను వంట చెడకుండ చూచుకొను తెలివి కారణము నెరిగినవారికే అబ్బును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. మూతి వెడల్పైన గిన్నెలోను, ఇరుకైన గిన్నెలోను సమానముగా నీరు పోసి, ఒకే మంటపై మూతలేక పదేసి నిమిషములు మరగనిచ్చి, మిగిలిన నీటిని కొలువవలెను. ఆపైన ఒకే గిన్నెలో ఒక గ్లాసు, రెండు గ్లాసుల బియ్యమును విడివిడిగా వండి, దేనికెంత ఎసరు పట్టెనో విద్యార్థులచే వ్రాయింపవలెను. లెక్క వారే కనుగొందురు.