చిరునామాలో ఒక అక్షరము తప్పితే

బ్యాంకు ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పు వ్రాసినవానికి కొంత దిక్కు ఉన్నది. ఆ సంఖ్యగల ఖాతా లేకపోతే సొమ్ము తిరిగి వస్తుంది. ఉంటే బ్యాంకుకు ఫిర్యాదు వ్రాసుకోవచ్చును. 2025 నుండి మన దేశములో ఎన్.ఇ.ఎఫ్.టి., ఆర్.టి.జి.ఎస్. పద్ధతులలో సొమ్ము పంపక ముందే ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు కూడ వచ్చినది. బిట్‌కాయిన్ వంటి క్రిప్టో ద్రవ్యములో ఈ మూడూ లేవు. పేరు కనబడదు, ఫిర్యాదు వినే అధికారి ఉండడు, పుచ్చుకొనేవాడు లేనంత మాత్రాన సొమ్ము వెనుకకు రాదు.

ఇందుకు కారణమేమి? బిట్‌కాయిన్ లెక్కలు ఏ ఒక్క కార్యాలయములోను ఉండవు. ప్రపంచమంతటా వేలకొలది కంప్యూటర్లు ఒకే చిట్టాకు నకళ్లు ఉంచుకొంటాయి. ఒక పద్దు చిట్టాకెక్కి, దానిపై మరికొన్ని పుటలు చేరిన తరువాత దానిని కొట్టివేయడము ఆచరణలో అసాధ్యము. చిరునామా అనేది కూడ ఎవరో దరఖాస్తు పెట్టి తెరిపించుకొన్న ఖాతా కాదు. అది ఒక పెద్ద సంఖ్య మాత్రమే. పాత తరహా బిట్‌కాయిన్ చిరునామాలో 160 బిట్ల సంఖ్య ఇమిడి ఉంటుంది. అట్టి సంఖ్యలు మొత్తము ఎన్ని అని వ్రాయబోతే 49 అంకెలు కావాలి. వీటిలో దేనికైనా సొమ్ము పంపవచ్చును. తిరిగి తీయడానికి కావలసిన రహస్య సంఖ్య మాత్రము ఆ చిరునామాను తయారుచేసుకొన్నవాని వద్దనే ఉంటుంది. ఎవరూ తయారుచేయని చిరునామాకు పోయిన సొమ్ము చిట్టాలో అందరికీ కనబడుతూ, ఎవరికీ అందకుండా ఉండిపోతుంది.

కనుక చేతి పొరపాటును సొమ్ము కదలక ముందే పట్టుకోవాలి. దీనికి వాడే ఉపాయము గణితోపాధ్యాయులకు కొత్తది కాదు. 3825 అనే సంఖ్యను తీసుకొందాము. ఎడమ నుండి అంకెలను వరుసగా 1, 2, 3, 4 చేత గుణించి కూడితే 3 + 16 + 6 + 20 = 45. దీనిని 11 చేత భాగిస్తే శేషము 1. ఈ 1ని చివర చేర్చి 38251 అని వ్రాస్తాము. తొందరలో ఎవరైనా 2ను, 5ను తారుమారు చేసి 38521 అని వ్రాశారనుకొందాము. అప్పుడు 3 + 16 + 15 + 8 = 42, శేషము 9. చివర ఉన్నది 1 కనుక తప్పు బయటపడుతుంది. గుణకములు లేకుండా అంకెలను ఊరక కూడి ఉంటే రెండుసార్లూ 18 వచ్చి తప్పు దాగిపోయేది. 10కి బదులు 11నే ఎందుకు ఎన్నుకోవాలో విద్యార్థులు తరగతిలో తేల్చుకోవచ్చును. పుస్తకముల వెనుక ముద్రించే ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య 2007కు పూర్వము పది అంకెలతో ఉండేది. దాని చివరి అంకె ఈ సూత్రము ప్రకారమే వచ్చేది. ఆధార్ సంఖ్యలో పన్నెండవ అంకె కూడ తనిఖీ అంకెయే, దాని లెక్క వేరు.

బిట్‌కాయిన్‌లో తనిఖీ భాగము ఒక అంకెతో సరిపెట్టలేదు. చిరునామా సంఖ్యను ఒక చిక్కైన గణిత ప్రక్రియలో రెండుమార్లు నడిపి, ఫలితములోని మొదటి 32 బిట్లను చివర అతికిస్తారు. పొరపాటున మారిన చిరునామా ఈ కాపలాను దాటిపోయే అవకాశము సుమారు 429 కోట్లలో ఒకటి. అంతే కాదు. సున్న, పెద్ద ‘ఓ’, పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’ ఒకదానిని చూచి మరొకటి అనిపిస్తాయని ఈ నాలుగింటిని వాడుక నుండే తొలగించారు. మిగిలినవి 58 గుర్తులు. చదివేవాని కంటిని కూడ లెక్కలోకి తీసుకొన్న మెచ్చదగిన ఆలోచన ఇది.

ఎథీరియం విషయము ఇంత బాగులేదు. 2015లో అది ప్రారంభమైనప్పుడు దాని 40 గుర్తుల చిరునామాలో తనిఖీ భాగమే లేదు. 2016లో ఒక ప్రతిపాదన వచ్చినది: చిరునామా పొడవు పెంచకుండా, అందులోని ఇంగ్లీషు అక్షరములలో ఏవి పెద్దవిగా, ఏవి చిన్నవిగా వ్రాయాలన్నదే తనిఖీగా పనిచేస్తుంది. దీనిలో తప్పు దాటిపోయే అవకాశము సుమారు నాలుగు వేలలో ఒకటి. అయితే చిరునామా అంతా చిన్న అక్షరములలో వ్రాస్తే ఆ కాపలా కూడ ఉండదు.

ఇంతవరకు చెప్పినది వ్రాతలోని తప్పును గురించి. వ్రాత సరిగానే ఉండి, పంపిన తోవ తప్పయితే తనిఖీకి తెలియదు. ఎథీరియం, పోలిగాన్, బి.ఎన్.బి. చెయిన్ అనే మూడు వేర్వేరు చిట్టాలలో చిరునామాల రూపము ఒక్కటే. పుచ్చుకొనేవాని రహస్య సంఖ్య అతని వద్దనే ఉంటే అటువంటి సొమ్మును సాధారణముగా రాబట్టుకోవచ్చును. క్రయవిక్రయ సంస్థలో ఖాతా మాత్రమే ఉంటే ఆ సంస్థ దయ. రుసుము సంగతి మరొకటి. బిట్‌కాయిన్ పద్దులో రుసుమును ప్రత్యేకముగా వ్రాయరు. తెచ్చిన మొత్తములో నుండి పంపిన మొత్తము తీసివేయగా మిగిలినదంతా రుసుమే. చిల్లర తిరిగి తన చిరునామాకే వచ్చేటట్లు వ్రాయడము మరచినా, తక్కువ వ్రాసినా అదీ అందులో కలిసిపోతుంది. 2023 సెప్టెంబరులో సుమారు రెండు వేల డాలర్ల విలువ పంపబోయి ఒక అమెరికా సంస్థ అయిదు లక్షల డాలర్ల రుసుము చెల్లించినది. దానిని అందుకొన్నవారు తిరిగి ఇచ్చివేశారు, కాని ఇచ్చి తీరవలసిన నియమమేదీ చిట్టాలో లేదు.

జాగ్రత్తపరులు ముందు కొద్ది సొమ్ము పంపి, అది చేరిన తరువాత మిగిలినది పంపుతారు. తోవ తప్పును, చిరునామా తప్పును ఇది రెంటినీ పట్టిస్తుంది. అయినా 2024 మే నెలలో ఎథీరియం చిట్టాలో జరిగిన సంఘటన చూడండి. ఒకరు పరీక్షకై కొద్ది సొమ్ము పంపారు. అది సరియైన చోటికే చేరినది. చిట్టా అందరికీ కనబడేదే కనుక, పొంచి ఉన్న మోసగాడు ఆ చిరునామాను పోలిన మరొక చిరునామా నుండి ఒక పద్దు పంపాడు. మొదటి నాలుగు గుర్తులు, చివరి ఆరు గుర్తులు రెండింటిలోను ఒకటే. ఫోను తెరమీద సామాన్యముగా కనబడేవి ఆ కొసలే; నడుమ చుక్కలు ఉంటాయి. పంపేవారు పాత పద్దుల పట్టికలో నుండి ఆ రెండవ చిరునామాను ఎత్తి వ్రాసుకొన్నారు. సుమారు 6 కోట్ల 80 లక్షల డాలర్ల విలువ అక్కడికి పోయినది.

పది గుర్తులు కలిసే చిరునామా దొరకాలంటే సగటున 16ను పదిసార్లు గుణించినన్ని, అనగా సుమారు లక్షా పదివేల కోట్ల ప్రయత్నములు చేయాలి. మనిషికి అసాధ్యము, కంప్యూటర్లకు కాదు. నలభై గుర్తులూ కలపడము మాత్రము వాటికీ చేతకాదు. ఆ దొంగ చిరునామాలో తనిఖీ లోపమేమీ లేదు, అది తన మట్టుకు సక్రమమైన చిరునామాయే. కాబట్టి రెండవమారు పంపేటప్పుడు పద్దుల పట్టికను నమ్మక, మొదట చిరునామా ఇచ్చిన మనిషి నుండే మళ్లీ తీసుకొని, నడిమి గుర్తులను కూడ పోల్చి చూడాలి. ఆ మే నెల సొమ్ములో చాలా భాగము కొద్ది రోజులలో తిరిగి వచ్చినది. తెచ్చినది చిట్టా కాదు, మోసగానితో జరిపిన బేరము.