పరిశోధన పత్రం – సమీక్ష

పూర్వం కావ్యాన్ని పండితసభ పరీక్షించేది. నేడు పరిశోధన పత్రానికీ అటువంటి పరీక్ష ఉంది. శాస్త్ర పత్రికకు చేరిన పత్రాన్ని సంపాదకుడు ఆ రంగంలో నిష్ణాతులైన సమీక్షకులకు పంపుతాడు. సాధారణంగా వారెవరో రచయితకు తెలియదు. వారి అభిప్రాయాన్ని బట్టి పత్రానికి ఆమోదమో, సవరణో, తిరస్కారమో లభిస్తుంది.

అమెరికా శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1990లో ఒక ప్రముఖ కంప్యూటర్ శాస్త్ర పత్రికకు పత్రం సమర్పించారు. కొన్ని కంప్యూటర్లు మధ్యలో చెడిపోయినా, మిగిలినవి ఒకే నిర్ణయానికి ఎలా రాగలవన్నది అందులోని విషయం. దానిని ఆయన పాక్సోస్ అనే గ్రీకు ద్వీపంలోని ప్రాచీన శాసనసభ కథగా మలిచారు. సభ్యులు వస్తూ పోతూ ఉన్నా అక్కడి శాసనాలలో వైరుధ్యం రాదు. ముచ్చటైన కల్పనే! సమీక్షకులు ముగ్గురూ విషయం కొంత ఆసక్తికరమే గాని అంత ముఖ్యం కాదన్నారు, కథను తొలగించమన్నారు. ఆయన నొచ్చుకొని పత్రాన్ని పక్కన పెట్టారు.

కొన్నేళ్లకు సహోద్యోగులకు ఆ పద్ధతి అవసరమైంది. చివరకు 1998లో పత్రం కథతో సహా అదే పత్రికలో వెలువడింది. అది కార్యాలయంలో బీరువా వెనుక దొరికిందని ఒక చమత్కార వ్యాఖ్య కూడా జతచేశారు.

విషయ ప్రాముఖ్యాన్ని గుర్తించడంలో సమీక్షకులు పొరబడ్డారు. కథ విషయంలో మాత్రం వారిని పూర్తిగా తప్పుపట్టలేం. ఎందరో పాఠకులు కథలోనే చిక్కుకొని పద్ధతిని అందుకోలేకపోయారు. 2001లో లాంపోర్ట్ దానినే కథ లేకుండా, తేటమాటలలో తిరిగి రాశారు.