కష్టము, జీతము: జహీరాబాదు ప్రాంతమున మూడు తరముల మాట

1. విషయము

“ఈ కాలపు పిల్లలు కష్టపడరు” అను మాటను వినని ఉపాధ్యాయుడు మనలో నుండడు. పల్లెలలో తాతలు మనుమలను గూర్చియు, కళాశాలలలో మనము విద్యార్థులను గూర్చియు ఈ మాటనే పలుకుచుందుము. దీనికి యువకులు “మా కష్టము మీకు తెలియదు” అని బదులు చెప్పుదురు. ఇరువురును వాడుచున్నది ఒకే పదము. కాని ఇరువురును దానిని ఒకే అర్థమున వాడుచున్నారా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసోద్దేశము.

పరిశీలనకు జహీరాబాదును, దాని చుట్టుపట్టుల గ్రామములను గ్రహించితిని. ఇందుకు రెండు కారణములు కలవు. మొదటిది భాషాసంబంధమైనది. ఈ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనమున నిర్ణా సర్కిలు తక్క మిగిలిన తాలూకా ఆంధ్రప్రదేశమునకు వచ్చి మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలిసి వినబడు సరిహద్దునేల యగుటచే పనికి సంబంధించిన పదములిచ్చట నాలుగు దిక్కులనుండి వచ్చి చేరినవి. రెండవది ఆర్థికమైనది. జాగీరుల కాలపు వెట్టిచాకిరి మొదలు నేటి పారిశ్రామికవాడ వరకు గల మార్పు ఇచ్చట మూడు తరముల వ్యవధిలో జరిగినది. ఒకే ఇంటి అరుగుమీద ఆ మూడు తరములును నేడు కూర్చుండి మాటలాడుకొనుచున్నవి.

2. కష్టశబ్దము

కష్టము తత్సమపదము. సంస్కృతమున దీనికి బాధ, ఆపద, దుష్కరమైనది అనునవి ముఖ్యార్థములు. శరీరశ్రమ యను అర్థము దక్కను భాషలలో బలపడినది. మరాఠీలో ‘కష్టకరి’ యనగా శ్రమజీవి. తెలుగున ‘కాయకష్టము’, ‘రెక్కల కష్టము’, ‘కష్టార్జితము’ అను సమాసములలో శ్రమార్థమే గాక ఒక గౌరవము కూడ ధ్వనించును. ‘కష్టార్జితము’ అనినప్పుడు ఆ సొమ్మునకు పవిత్రత కలుగుచున్నది.

వాడుకలోని భేదము వచనమునుబట్టియు క్రియనుబట్టియు తెలియును. ‘కష్టపడెను’ అనిన శ్రమించెనని యర్థము. ‘కష్టములు పడెను’ అని బహువచనమున చెప్పినచో బాధల పాలయ్యెనని యర్థము. ‘కష్టపెట్టెను’ అనుచోట బాధించుటయే కాని పని చేయించుట కాదు. ‘కష్టసుఖములు’ అను ద్వంద్వమున శ్రమకు తావు లేదు. జహీరాబాదు పల్లెలలో వృద్ధులు ‘కష్టం జేసినం’ అందురు. అది నిక్కముగా పనియే. ఇట్లు భాష రెండర్థములను వేరుచేయు సాధనములను తనలో నుంచుకొన్నది. కాని వాడువారి జీవితమున ఆ రెండును వేరుకానప్పుడు, మాటలోను అవి కలిసియే యుండును.

ఇది మన భాషకు మాత్రమే చెందిన విశేషము కాదు. గ్రీకు భాషలోని ‘పోనోస్’ శ్రమను, బాధను కూడ చెప్పును. పనికి ఫ్రెంచివారు వాడు ‘త్రవాయ్’ అను పదము, మూడు కొయ్యలతో చేసిన హింసాసాధనమునకు గల లాటిన్ పేరునుండి పుట్టినదని నిరుక్తకారులందురు. శ్రమకును బాధకును ఒకే పేరిచ్చిన సమాజములు చాల కలవు.

3. మొదటి తరము: వెట్టి, జీతము

మొదటి తరమనగా నేడు ఎనుబదియేండ్లకు చేరువగానున్నవారు, వారికంటె పెద్దలు. వారి బాల్యము వెట్టిని చూచినది. ‘వెట్టి’ సంస్కృతమున ‘విష్టి’కి తద్భవము, కూలి లేక చేయించుకొను ఆ పనిని కౌటిల్యుని అర్థశాస్త్రము పేర్కొనినది. 1930 లో ఇదే మెదకు జిల్లాలోని జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ సమావేశము జరుపుకొన్న నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ, తరువాతి కాలమున చేపట్టిన ముఖ్యవిషయములలో వెట్టి నిర్మూలన మొకటి. 1949 లో జాగీరులు రద్దయినవి. 1950 లో కౌలుదారీ చట్టము వచ్చినది. వెట్టి పేరు క్రమముగా సన్నగిలినది. కాని ‘జీతము’ నిలిచినది.

ఈ పదమును కొంత విచారింపవలెను. ‘జీవితము’ అను పదమే ‘జీతము’గా మారినది. బ్రదుకుటకై యిచ్చునది యని దాని మూలార్థము. పట్టణములలో జీతమనగా నెలకొకసారి అందు వేతనము. తెలంగాణ పల్లెలలో జీతముండుటయనగా సంవత్సరమున కింత ధాన్యమని గాని, తెచ్చిన అప్పు తీరువరకని గాని ఒప్పుకొని పటేలు ఇంట రేయింబవళ్ళు పనికి కట్టుబడుట. పొరుగు కన్నడమున ‘జీత’ యను పదము నేటికిని దాస్యమునే తెలుపును. అప్పు తండ్రిది, జీతము కొడుకుది. పెండ్లికో, చావునకో తెచ్చిన రూకలకు పదియేండ్ల బాలుడు పసులు కాయుటకు పోయెడివాడు. ఇల్లు గడుపుటకు తెచ్చిన నాగు, అనగా వడ్డీయును గింజలుగనే కొలువవలసిన ధాన్యపు టప్పు, పంట కల్లమున నుండగనే కొలువబడెడిది.

1976 లో భారత పార్లమెంటు చేసిన వెట్టిచాకిరి రద్దు చట్టము పదపరిశోధకులు తప్పక చూడవలసిన గ్రంథము. దేశమున ఆయా ప్రాంతములలో ఈ పద్ధతికి గల పేర్లను అది వరుసగా పేర్కొన్నది. వానిలో మన ప్రాంతములకు తెలిసిన భగేలా, జీత, పాలేరు, వెట్టి అను నాలుగును కలవు. నిఘంటువులో జీవనాధారమను అర్థముగల పదము చట్టమున నేరముగా నమోదైనది.

ఈ తరమువారికి శ్రమ వేరు, బాధ వేరు కాదు. పని మానుకొను స్వేచ్ఛ లేనిచోట పనిపై అభిప్రాయమను ప్రశ్నయే పుట్టదు. “రెక్కాడినగాని డొక్కాడదు” అను సామెత వారికి నీతివాక్యము కాదు, దినచర్య. అయినను వారు తమ శ్రమను గర్వముతోనే చెప్పుకొందురు. బాధను తప్పించుకొనలేనివాడు దానిని ఓర్చుకొనినందుకైనను గౌరవమును కోరుట సహజము. ఆ గౌరవమే వారికి మిగిలిన ఆస్తి. మనుమడు కష్టపడుట లేదని తాత చెప్పునపుడు ఆ మాటలో నింద కొంత, ఈ ఆస్తికి వారసుడు లేడను దిగులు కొంత కలవు.

4. రెండవ తరము: కూలి, సంగము

రెండవ తరమున ‘జీతము’ తగ్గి ‘కూలి’ పెరిగినది. కూలివాడు సాయంకాలమునకు తన ఇంటికి తాను పోవును. ఈ భేదము చిన్నది కాదు. ఇదే కాలమున పని మొత్తమునకు ధర కుదుర్చుకొను ‘గుత్త’ వ్యాపించినది. చెఱకు నరకుటకు కుటుంబములు బండ్లమీద తరలిపోవుట ఈ సీమలో చిరపరిచితమైన దృశ్యము. 1983 లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చినది. రెక్కకును డొక్కకును గల ముడి కొంత సడలినది. ఆకలి తగ్గినది, దానితోపాటు జొన్న, సామ, కొఱ్ఱ పండు ఎఱ్ఱనేలలు కొన్ని బీడువడినవి.

ఈ సందర్భముననే జహీరాబాదు చెంత పస్తాపూరు కేంద్రముగా 1983 లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. దాని ఆధ్వర్యమున గ్రామములలో మహిళలు, ముఖ్యముగా దళిత మహిళలు, సంఘములుగా కూడిరి. వాడుకలో అది ‘సంగం’. కూలికి పోయెడి స్త్రీలు బీడుభూములను సాగులోనికి తెచ్చి చిరుధాన్యములు పండించిరి. విత్తనములను తామే ఏరి, బూడిదయు వేపాకును కలిపి, అలికిన బుట్టలలో దాచి, ఒకరికొకరు ఇచ్చుకొనిరి. 2008 లో వారిచే నడుపబడు సంగం రేడియో ప్రారంభమైనది. 2019 లో ఈ కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము ఈక్వేటర్ బహుమతి నొసగినది.

మన విషయమునకు ఇందు ముఖ్యమైనది శ్రమస్వభావము. ఈ స్త్రీల శ్రమ తగ్గలేదు. ఎండ అదే, నడుము వంచుట అదే. మారినది ఆ శ్రమపై అధికారము. ఏ గింజ వేయవలెనో, ఏ గింజ దాచవలెనో నిర్ణయించునది చేసిన మనిషియే. కష్టశబ్దములోని రెండర్థములు ఇచ్చట మొదటిసారి విడివడినవి: శ్రమ మిగిలినది, పరాధీనత పోయినది. పనిపై గౌరవము పనినుండియే రాదనియు, పనిచేయువాని స్థితినుండి వచ్చుననియు ఇందువలన తెలియుచున్నది.

2005 నాటి గ్రామీణ ఉపాధిహామీ చట్టము 2006 లో తొలివిడత జిల్లాలలో నొకటిగా మెదకున అమలైనపుడు జనులు దానికి ‘కరువు పని’ యని పేరు పెట్టిరి. చట్టము హక్కు అనినది. జనుల నోట పూర్వపు కరువుల జ్ఞాపకము పలికినది. క్రొత్తదానిని ప్రాతపేరుతో పిలుచుట తరముల నడుమ భాష వేయు వంతెన.

5. మూడవ తరము: నౌకరి, కాంట్రాక్టు

1980 దశకమున జహీరాబాదున చిన్న లారీల కర్మాగారము వెలసినది. తరువాత అది మహీంద్రా సంస్థ చేతికి వచ్చినది. ఆ సంస్థదే ట్రాక్టర్ల కర్మాగారమును ఇచ్చట నెలకొన్నది. న్యాలకల్, ఝరాసంగం మండలములలో జాతీయ పెట్టుబడుల ఉత్పాదక మండలికై భూమి సేకరింపబడినది. 2024 ఆగష్టులో కేంద్రప్రభుత్వము ఆమోదించిన పండ్రెండు పారిశ్రామిక నగరములలో జహీరాబాదు ఒకటి. భూమి పోయిన ఇంట తాత చూచునది పొలము. మనుమడు చూచునది నౌకరి.

‘నౌకరి’ చరిత్రయు చిత్రమైనది. మంగోలు భాషలో అనుచరుడు, సహచరుడు అను అర్థముగల పదము పారసీకమున ‘నౌకర్’ అయి సేవకుని తెలిపి, ఉర్దూ ద్వారమున మనకు వచ్చి, తెలంగాణమున గౌరవప్రదమైన ఉద్యోగముగా స్థిరపడినది. దాస్యార్థముగల పదము పైకెక్కినది. బ్రదుకను అర్థముగల ‘జీతము’ క్రిందికి దిగి, మరల మనుమని నోట పైకి వచ్చుచున్నది.

ఈ ప్రాంతపు ఒక గ్రామమున నేను వినిన సంభాషణ నిచ్చట చెప్పుట అప్రస్తుతము కాదు. మనుమడు ఒక కర్మాగారమున గుత్తేదారు క్రింద పనిచేయుచున్నాడు. జీతము చాలదని అతడు గొణుగుచుండగా తాత, “జీతమంటే నాకు తెల్వదా? పటేలింట్ల పన్నెండేండ్లు జీతమున్న” అనెను. మనుమడు, “అది జీతం గాదు తాతా, బాకీ. మాకు నెలకింతని చేతికొస్తది. గని రేపు ఉంటదో పోతదో తెల్వదు” అనెను. తాత కొంతసేపూరకుండి, “మమ్ముల పొమ్మన్నోడు లేడు, మిమ్ముల ఉండుమన్నోడు లేడు” అనెను.

ఈ మాటకంటె సూటిగా రెండు తరముల భేదమును చెప్పజాలను. తాతకు పనినుండి విడుదల లేదు. మనుమనికి పనిలో నిలకడ లేదు. ఆతని బాధ పనిలో నుండెను. ఈతని బాధ పనికి బయట, రేపటి దినమున నున్నది. కనుకనే ఈ తరము పదములు వేరు: పర్మనెంటు, కాంట్రాక్టు, డ్యూటీ, నోటిఫికేషను. మరి యొక పదము ‘ఖాలీ’. “వాడు ఖాలీగ తిరుగుతుండు” అని వృద్ధులనినచో అది సోమరితనముపై తీర్పు. “ఖాలీగ ఉన్న” అని యువకుడనినచో అది నిరుద్యోగమను స్థితి. అరబ్బీమూలమైన ఈ పదమునకు శూన్యమని యర్థము. ఆ శూన్యము మనిషిలోనున్నదా, పనులలోనున్నదా యనుటయే రెండు తరముల వివాదము. వ్యవసాయదాస్యమున పనిలేనివాడను వర్గమే లేదు. అందుచే తాతకు ‘నిరుద్యోగి’కి సరియగు ఇంటిమాట లేకపోయినది. పేరు లేని బాధను గుర్తించుట యెవరికిని సులభము కాదు.

చదివిన యువకుడు పొలముపనికి పోనొల్లకుండుట నిజమే. అది శ్రమపై ఏవగింపని తేల్చుట తొందరపాటు. ఆ యువకుడే పోటీపరీక్షకై ఏండ్ల తరబడి గ్రంథాలయమున కూర్చుండును. నగరమున రాత్రి రెండుజాములవరకు బండిమీద భోజనపు పొట్లములు చేర్చును. అతడు వలదనుచున్నది శ్రమను కాదు, ఆ శ్రమకు తన ఇంట మూడు తరములుగా అంటియున్న తక్కువతనమును. జీతము అను పదమునకు పూర్వార్థమును తుడిచివేయుటకే అతడు పూనుకొన్నాడు.

6. ఉపసంహారము

పై విచారణవలన తేలినదిది. కష్టశబ్దమున శ్రమయు బాధయు మొదటి తరమున కలిసియుండెను; రెండవ తరమున, ముఖ్యముగా సంగం స్త్రీల అనుభవమున, విడివడెను; మూడవ తరమున బాధ శ్రమను వదలి అనిశ్చితిని ఆశ్రయించెను. కావున “మీరు కష్టపడరు”, “మా కష్టము మీకు తెలియదు” అను రెండును సత్యములే. ఒకటి శ్రమను గూర్చినది. రెండవది బాధను గూర్చినది. పదమొకటే యగుటచే వాదము తెగుట లేదు.

ఇట్లనుటచే పెద్దల మాటను త్రోసిపుచ్చినట్లు కాదు. వారి కష్టమున దాస్యముతోపాటు నేర్పును కలదు. ఏ వాననీటికి ఏ గింజ యను తెలివి, పశువు నడకను జూచి రోగము చెప్పు చూపు వారితో పోవుచున్నవి. దాస్యమును వదలి నేర్పును నిలుపుకొనవచ్చునని రెండవ తరపు స్త్రీలు చూపిరి.

పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. జీతము, నాగు, గుత్త వంటి పదములను వానిని బ్రదికినవారినోట ఇప్పుడే సేకరింపవలెను. అర్థముతోపాటు చెప్పినవారి వయస్సును, సందర్భమును వ్రాసికొనవలెను; ఏలయన ఒకే పదమునకు తాత యర్థము వేరు, మనుమని యర్థము వేరు. ఇక మనతోడి ఉపాధ్యాయులకు మనవి యొక్కటియే. “కష్టపడి చదువుము” అని మన మనునపుడు, ఎదుట కూర్చున్నవాడు రెండర్థములలో దేనిని వినుచున్నాడో ఒక్కసారి అడిగి తెలిసికొందము. మన తరగతులలోని వారు ఆ జీతగాండ్ర మనుమలే.