వృద్ధుల సేవ: ధర్మసంస్థలు, లాభసంస్థలు

వార్ధక్యము వ్యాధి కాదు. కాని ఆ వయస్సున ప్రతివారికిని ఒకరి చేయూత అవసరమగును. ఉమ్మడి కుటుంబములలో ఈ భారమును ఇంటివారే వహించెడివారు. నేడు సంతానము ఉద్యోగములకై దూరప్రాంతములకు తరలుటచే, కోల్‌కతా వంటి నగరములలో అనేక వృద్ధులు ఒంటరిగా కాలము గడుపుచున్నారు. వీరి సేవకై ప్రజాధనమును ఎవరి చేతికి ఈయవలెను? ఇది మనందరికి సంబంధించిన ప్రశ్న.

ఈ నగరమున వృద్ధుల సేవకు మార్గము చూపినవి ధర్మసంస్థలు. 1882లో 'లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్' అను సన్యాసినుల సంఘము ఇచ్చట సెయింట్ జోసెఫ్ వృద్ధాశ్రమమును స్థాపించినది. దాతలను యాచించి, దిక్కులేని వృద్ధులను పోషించుట వీరి సంప్రదాయము. 1952లో కాళీఘాట్ ఆలయము చెంతనున్న యాత్రికుల సత్రమును నగరపాలక సంస్థ మదర్ థెరిసాకు అప్పగించగా, అది మరణాసన్నులైన నిరుపేదలకు 'నిర్మల్ హృదయ్' అను ఆశ్రయమైనది. భవనము ప్రజలది, సేవ ధర్మసంస్థది.

కేంద్ర ప్రభుత్వమును 1992 నుండి ఇట్టి పద్ధతినే అనుసరించుచున్నది. నిరుపేద వృద్ధులకు ఉచితముగా భోజనము, వసతి, వైద్యము సమకూర్చు ఆశ్రమములకు గ్రాంటు లభించును. స్వచ్ఛంద సంస్థలు, స్థానిక సంస్థలు మున్నగునవి దీనికి అర్హములు. లాభమునకై నడచు కంపెనీలు కావు. 2007 నాటి చట్టము ప్రతి జిల్లాలో 150 మందికి చాలు ఆశ్రమమును రాష్ట్ర ప్రభుత్వములు నెలకొల్పవచ్చునని చెప్పినదే గాని, నెలకొల్పి తీరవలెనని శాసింపలేదు.

మరియొక ప్రక్క, నెలసరి రుసుము గైకొని ఇంటికి నర్సును, ఆయాను పంపు కంపెనీలును కోల్‌కతాలో వెలసినవి. చెల్లింపగల కుటుంబములకు ఇవి మిక్కిలి ఉపకరించును. పెన్షను లేని వితంతువునకు ఇవి అందరానివి. 2021లో వచ్చిన 'సేజ్' పథకముచే, వృద్ధులకు సేవలందించు కొత్త కంపెనీలకు కోటి రూపాయల వరకు ప్రభుత్వ వాటాధనము లభించు వీలు కలిగినది. అనగా లాభసంస్థలకును ప్రజాధనము చేరు ద్వారము తెరువబడినది.

ఇది మేలో, కీడో? 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వృద్ధుల శుశ్రూషాలయములపై విదేశములలో జరిగిన 82 పరిశీలనలను సమీక్షించినది. వానిలో 40 పూర్తిగా లాభాపేక్ష లేని సంస్థలకును, 3 మాత్రమే లాభసంస్థలకును అనుకూలముగ నుండెను. తక్కినవి మిశ్రమముగ నుండెను. కారణమూహింప కష్టము కాదు. ఈ సేవలో ముఖ్యవ్యయము పరిచారకుల జీతములే. లాభము పెంచదలచినవానికి మొదట తగ్గింపదోచునది వారి సంఖ్యయే.

అయినను, ధర్మసంస్థ యను పేరుమాత్రమున నమ్మరాదు. మీ పెద్దలను ఎచ్చట చేర్పదలచినను, రాత్రివేళ ఎందరు పరిచారకులుందురో విచారింపుడు. వైద్యుడెప్పుడు వచ్చునో, ప్రభుత్వ గ్రాంటు లెక్కలు చూపుదురో అడుగుడు. ముందు తెలుపకయే ఒకమారు వెళ్ళి, అందున్న వృద్ధులతో మాటలాడుడు. లోపములు కనిపించినచో 14567 నంబరు గల వృద్ధుల సహాయవాణికి తెలుపుడు. ధనము ప్రజలది గనుక, లెక్క యడుగుట ప్రజల హక్కు.